జట్టులో మన పని ఏమిటి?
(ఆటగాడి పాత్రకూ, ఆడాలన్న ఉత్సాహానికీ ఉన్న సంబంధం)



ప్రతి సంవత్సరం మన హాస్టల్ నుంచి కొందరు కాలేజీ జట్లకు ఎంపికవుతున్నారు. వారిలో ఒకరిద్దరు యూనివర్సిటీ జట్టు దాకా వెళ్తున్నారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మనవాళ్ళ ఆటలు. కాస్త చదునైన నేల, గీతలకు ముగ్గు, ఒక నెట్టు ఉంటే చాలు, సాయంత్రం ఆట మొదలవుతుంది. అయితే ఇంత ఇష్టంగా ఆడి కాలేజీకి వెళ్ళినవాళ్ళలో చాలామంది రెండో సంవత్సరం దాటకుండానే ఆట మానేయడం మేము చూస్తున్నాం. ఎందుకు మానేశావని అడిగితే ముందు "చదువు దెబ్బతింటుందన్నా" అంటారు. పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ అడిగితే అసలు మాట వస్తుంది. "నన్ను కూతకు పంపరన్నా" అని ఒకరు, "ఎప్పుడూ బయటే కూర్చోబెడతారు" అని ఒకరు, "నేను ఉన్నా లేకపోయినా ఒకటేనక్కా" అని మరొకరు.

ఈ మూడో మాట గురించే ఈ వ్యాసం. మేము ఈ హాస్టల్లోనే చదువుకుని ఇప్పుడు పి.జి. చేస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. పుస్తకాల్లో చదివినదాన్ని, గ్రౌండులో చూసినదాన్ని కలిపి, జట్టులో మనకు ఇచ్చిన పని మన ఉత్సాహాన్ని ఎలా పెంచుతుందో, ఎలా చంపుతుందో మాకు తెలిసినంతలో వివరిస్తాం.

పాత్ర అంటే ఏమిటి?

నాటకంలో ప్రతివారికీ ఒక వేషం ఉన్నట్టే జట్టులో ప్రతివారికీ ఒక పని ఉంటుంది. దాన్నే పాత్ర అంటారు. కబడ్డీనే తీసుకుందాం. కోర్టులో ఏడుగురు ఉంటారు. హాస్టల్లో ఆడేటప్పుడు అందరమూ కూతకు వెళ్తాం, అందరమూ పడతాం. కాలేజీ జట్టులో అలా కుదరదు. ఇద్దరు ముగ్గురు రైడర్లు, రెండు చివర్లలో ఇద్దరు కార్నర్లు, వారి పక్కన ఇద్దరు కవర్లు అని పని పంచుతారు. వచ్చిన రైడర్ చీలమండ పట్టుకోవడం ఎక్కువగా కార్నర్ పని. పట్టు పడిన క్షణంలో రైడర్‌కీ మధ్యగీతకీ నడుమ అడ్డుగా దూకి, అతన్ని వెనక్కి నెట్టడం కవర్ పని.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. కార్నర్ చీలమండ పట్టాడు, కవర్ అర సెకను ఆలస్యం చేశాడు అనుకుందాం. రైడర్ శరీరాన్ని సాగదీసి చేత్తో గీత తాకేస్తాడు. తనను తాకిన ప్రతి ఒక్కరికీ ఒక పాయింటు పట్టుకుపోతాడు. అంటే పట్టు నిలవాలంటే ఇద్దరూ కావాలి. కాని పట్టు నిలిచినప్పుడు స్కోరు పుస్తకంలో ఆ పాయింటు సాధారణంగా ముందు పట్టినవాడి పేరు మీదే పడుతుంది. కవర్ చేసిన పని పుస్తకంలో ఉండదు, మరునాడు పేపర్లోనూ ఉండదు.

ఇవి కోచ్ ఇచ్చే పాత్రలు. వీటితోపాటు ఎవరూ ఇవ్వకుండానే వచ్చే పాత్రలు కూడా ఉంటాయి. తెల్లవారుజామున ఐదింటికి అందరినీ తట్టి లేపేవాడు, ఓడిపోయి బస్సులో వస్తుంటే ఏదో ఒకటి అని నవ్వించేవాడు, కొత్తగా వచ్చినవాడికి తన మోకాలి క్యాప్ ఇచ్చేవాడు. ఇలాంటివాళ్ళు లేని జట్టు ఎంత బలంగా ఉన్నా నిలవదు.

ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆడాలన్న కోరిక, రోజూ వచ్చే ఓపిక, దెబ్బ తగిలినా మానని పట్టుదల, వీటన్నిటినీ కలిపి మనస్తత్వ శాస్త్రంలో ప్రేరణ అంటారు. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీద చాలాకాలం పనిచేసి 1985లో ఒక పుస్తకం వెలువరించారు. వాళ్ళు చెప్పినదాని ప్రకారం మనిషి మనసుకు మూడు ఆకలులు ఉంటాయి.

ఒకటి, "ఇది నేను ఇష్టపడి చేస్తున్నాను, ఎవరో నెట్టితే కాదు" అనిపించడం. రెండు, "ఇది నాకు చేతనవుతుంది, రోజురోజుకూ బాగా చేస్తున్నాను" అనిపించడం. మూడు, "వీళ్ళు నావాళ్ళు, నేను వీళ్ళకు కావాలి" అనిపించడం. ఈ మూడూ తీరితే ఎవరూ చెప్పకపోయినా గ్రౌండుకు వస్తాం. తీరకపోతే ట్రాక్ సూట్ ఇస్తామన్నా రాబుద్ధి కాదు.

ఇప్పుడు జట్టులో పాత్రను ఈ మూడింటితో పోల్చి చూడండి. రైడర్‌కు మూడూ సులభంగా దొరుకుతాయి. ఎటు వెళ్ళాలో తనే నిర్ణయించుకుంటాడు. తెచ్చిన పాయింటు కళ్ళకు కనబడుతుంది. రాగానే అందరూ వీపు తడతారు. కవర్‌కు, బయట కూర్చున్నవాడికి ఈ మూడూ వాటంతట అవి దొరకవు, ఎవరైనా అందించాలి. కాబట్టి చిన్న పాత్ర దొరికినందుకే ఉత్సాహం పోతుందనుకోవడం సరికాదు. ఆ పాత్రలో ఉన్నవాడి మూడు ఆకలులను ఎవరూ పట్టించుకోనప్పుడు పోతుంది. మా వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదే.

తాడు లాగిన లెక్క

"నేను ఉన్నా లేకపోయినా ఒకటే" అనుకున్న మనిషి ఎంత పని చేస్తాడు? దీన్ని వంద సంవత్సరాల కిందటే కొలిచినవారున్నారు. మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అనే ఫ్రాన్స్ వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలం పడుతుందో కొలిచి, 1913లో ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం నూరు అనుకుంటే, ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు సగానికి దగ్గరగా పడిపోయింది.

దీనికి కారణాలు రెండు. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం మొదటిది. "అంతమంది ఉన్నారు కదా, నేను కొంచెం తగ్గిస్తే ఏమవుతుంది" అన్న ఆలోచన రెండోది. 1974లో అమెరికాలో ఈ రెండో కారణాన్ని విడిగా పరీక్షించారు. మనిషి కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇంకా కొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి లాగుతున్నది అతనొక్కడే. అయినా అతని బలం తగ్గింది. అంటే తగ్గింది చేతుల్లో కాదు, మనసులో.

ఈ జబ్బుకు మందు కూడా దొరికింది. 1989లో కళాశాల ఈతగాళ్ళ మీద జరిగిన ఒక పరిశోధన వెలువడింది. నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలే పోటీలో ఒక్కొక్కరి సమయం విడిగా ప్రకటించనప్పుడు, వాళ్ళు ఒంటరిగా ఈదినదానికంటే నెమ్మదిగా ఈదారు. ప్రతివారి సమయం విడిగా ప్రకటించినప్పుడు, ఒంటరిగా ఈదినదానికంటే వేగంగా ఈదారు. ఈతగాళ్ళు వాళ్ళే, నీళ్ళు అవే. తమ వంతు నలుగురికీ తెలుస్తుందా లేదా అన్నదొక్కటే తేడా.

ఇప్పుడు మన కవర్ ఆటగాడిని గుర్తు చేసుకోండి. అతని వంతు ఎక్కడా రాయం. రాయనిదాన్ని ఎవరూ అడగరు. ఎవరూ అడగని పనిని ఏడాది పొడవునా ఒకే శ్రద్ధతో చేయడం ఎవరికైనా కష్టమే.

బలహీనుడు కూడా బలం తెస్తాడు

దీనికి ఎదురు చూపించే మరో లెక్క ఉంది. 1920లలో జర్మనీలో ఓటో కోలర్ అనే శాస్త్రవేత్త బెర్లిన్ పడవ పోటీల క్లబ్బువాళ్ళ చేత బరువులు ఎత్తించాడు. ఇద్దరు కలిసి ఒకే బరువు ఎత్తాలి. ఒకడు ఆపేస్తే ఇద్దరి పనీ ఆగినట్టే. అలాంటప్పుడు ఇద్దరిలో బలం తక్కువ ఉన్నవాడు తాను ఒంటరిగా ఎత్తినదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. "నా వల్ల ఆగిపోకూడదు" అన్న పట్టుదల అతనికి ఆ శక్తినిచ్చింది. ఇద్దరి బలంలో తేడా మరీ ఎక్కువ కాకుండా, మరీ తక్కువ కాకుండా ఉన్న జోడీల్లో ఈ ఫలితం బాగా కనబడింది. జూనియర్‌ను ఎవరితో జోడీ కట్టి ప్రాక్టీసు చేయించాలో దీన్నిబట్టి మన కెప్టెన్లు ఆలోచించుకోవచ్చు.

2008 బీజింగ్ ఒలింపిక్స్ రిలే ఈత పోటీల సమయాలను తర్వాత జర్మనీ పరిశోధకులు పరిశీలించారు. మొదట దూకినవాళ్ళు తమ వ్యక్తిగత పోటీల్లో ఈదినట్టే ఈదారు. చివరి వంతుల్లో దూకినవాళ్ళు మాత్రం తమ వ్యక్తిగత సమయంకంటే వేగంగా ఈదారు. తమ తర్వాత సరిదిద్దేవాళ్ళు ఇక లేరని తెలిసినకొద్దీ మనిషి మరింత కష్టపడతాడన్నమాట.

రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే విషయం స్పష్టమవుతుంది. "నేను లేకపోయినా జరుగుతుంది" అనుకుంటే మనిషి తగ్గుతాడు. "నేను లేకపోతే జరగదు" అనుకుంటే పెరుగుతాడు. మన ఖోఖోలో ఇది రోజూ కనబడుతుంది. ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి గడుల్లో కూర్చుంటారు. ఒక్కరే పరుగెత్తుతుంటారు. కూర్చున్నవాళ్ళు ఊరికే కూర్చున్నట్టు చూసేవారికి అనిపిస్తుంది. కాని వెనకనుంచి ఖో ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చిన క్షణంలో లేవడం కొంచెం ఆలస్యమైతే రన్నర్ పోల్ చుట్టి వెళ్ళిపోతుంది. కూర్చున్న ఎనిమిదిమందికీ అది తెలుసు కాబట్టే ఒక్కరి కాలు కూడా నిద్రపోదు.

కబడ్డీ నియమాల్లోనే ఈ ముడి ఉంది. అవుటై బయట కూర్చున్న రైడర్ ఎంత గొప్పవాడైనా తనంతట తాను లోపలికి రాలేడు. లోపల ఉన్నవాళ్ళు ఒక పట్టు పట్టాలి, లేదా ఇంకొకరు ఒకరిని తాకి రావాలి. అప్పుడే వరుసలో ముందు అవుటైనవాడు తిరిగి వస్తాడు. రైడర్‌కు కవర్ ఎందుకు కావాలో దీనికన్నా బాగా చెప్పనక్కరలేదు.

నాలుగు ప్రశ్నలు

కొందరికి ఇచ్చిన పని చిన్నదని బాధ ఉంటుంది. ఇంకా ఎక్కువమందికి అసలు తమ పని ఏమిటో తెలియదన్న బాధ ఉంటుంది. 2001లో మార్క్ ఐస్, ఆల్బర్ట్ కారన్ అనే పరిశోధకులు కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను పరిశీలించారు. తమ బాధ్యత ఎంతవరకో స్పష్టంగా తెలియనివాళ్ళకు తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉంది, జట్టు లక్ష్యంతో అనుబంధం కూడా తక్కువగా ఉంది. మరుసటి ఏడాది వీరు మార్క్ బోషాం, స్టీవెన్ బ్రేలతో కలిసి ఈ అస్పష్టతను నాలుగు భాగాలు చేశారు. వాటిని మన మాటల్లో నాలుగు ప్రశ్నలుగా రాసుకోవచ్చు.

1. నా పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?
2. ఆ పని బాగా చేయాలంటే నేను ఏమేం చేయాలి?
3. నేను బాగా చేశానో లేదో ఎవరు, దేన్ని చూసి చెబుతారు?
4. నేను చేయకపోతే ఏమవుతుంది?

మా బ్యాచ్‌లో ఒకడు స్కూలు రోజుల్లో మన హాస్టల్ మొత్తానికీ మంచి రైడర్. జిల్లా పోటీల్లో వాడు కూతకు వెళ్తుంటే వార్డెన్ గారు కూడా కుర్చీలోంచి లేచి నిలబడేవారు. కాలేజీలో వాడికంటే ఎత్తయిన రైడర్లు ముగ్గురున్నారు. వాడిని ఎడమ కవర్‌లో నిలబెట్టారు. నిలబెట్టారే గాని ఎందుకు నిలబెట్టారో చెప్పలేదు. కవర్ ఎప్పుడు దూకాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తప్పు చేస్తే కేకలేశారు, బాగా చేస్తే ఏమీ అనలేదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ గ్రౌండుకు రాలేదు. పొట్టిగా, బలంగా, వేగంగా ఉన్నవాడు కవర్‌కు ఎంత బాగా సరిపోతాడో వాడికి ఎవరైనా పది నిమిషాలు చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేదని మేము ఇప్పటికీ అనుకుంటాం. పై నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా వాడికి జవాబు దొరకలేదు.

పాత్రకు పేరు, గుర్తింపు ఇస్తే ఏమవుతుందో వాలీబాల్ చూపించింది. 1998లో అంతర్జాతీయ వాలీబాల్‌లో లిబెరో అనే స్థానాన్ని ప్రవేశపెట్టారు. లిబెరో బ్లాక్ చేయకూడదు, నెట్టు ఎత్తుకు పైన ఉన్న బంతిని స్మాష్ కొట్టకూడదు. అంటే పాయింటు తెచ్చే దారులు దాదాపు మూసేసినట్టే. పడబోయే బంతిని లేపడమే అతని పని. అయినా అతనికి వేరే రంగు బనియన్ ఇచ్చారు. ఎత్తు లేదని జట్టులోకి రానివ్వని ఎంతోమందికి దీంతో ఒక స్థానం, ఒక పేరు దొరికాయి. మన ఊళ్ళలో లిఫ్టర్ అని పిలిచే సెట్టర్ సంగతీ అంతే. ఫోటో షూటర్‌కు పడుతుంది, కాని లిఫ్టర్ చేయి తడబడితే షూటర్ గాల్లోకి ఎగిరి ఊరికే దిగాల్సిందే.

ప్రో కబడ్డీ లీగ్‌లో 2018 వేలంలో తొలిసారి కోటి రూపాయలు పలికిన ఆటగాడు రైడర్ కాదు. ఇరాన్‌కు చెందిన కార్నర్ ఆటగాడు ఫజల్ అత్రాచలి. పట్టేవాడి విలువ తెలిసినవాళ్ళకు తెలుసు.

బెంచి మీద కూర్చున్నవాళ్ళు

అన్నిటికన్నా కష్టమైన పాత్ర ఇది. అందరితో సమానంగా పరుగెత్తి, అందరితో సమానంగా చెమటోడ్చి, మ్యాచ్ రోజున తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చోవాలి. ఇంటికి ఫోన్ చేస్తే "ఆడావా నాయనా?" అని అమ్మ అడుగుతుంది. ఏం చెప్పాలి?

2019 అక్టోబరు 19న అహ్మదాబాద్‌లో ప్రో కబడ్డీ ఫైనల్ జరిగింది. బెంగాల్ వారియర్స్ కెప్టెన్, వాళ్ళ ప్రధాన రైడర్ అయిన మణీందర్ సింగ్ గాయం వల్ల ఆడలేదు. ఎదుటి జట్టు దబాంగ్ ఢిల్లీ రైడర్ నవీన్ కుమార్ ఒక్కడే 18 పాయింట్లు తెచ్చాడు. అయినా 39-34తో గెలిచింది బెంగాలే. లేనివాడి పనిని మిగిలినవాళ్ళు పంచుకున్నారు. ఏడాదంతా సిద్ధంగా ఉన్నవాళ్ళు లేకపోతే ఒక్క రోజులో అది సాధ్యం కాదు.

బెంచి మీద ఉన్నవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. కూర్చోవడం పాత్ర కాదు, సిద్ధంగా ఉండటం పాత్ర. ఎదుటి రైడర్ ఏ కాలు ముందు పెడుతున్నాడు, బోనస్ గీతకు ఎటువైపు నుంచి వస్తున్నాడు, ఎవరు అలిసిపోయారు అన్నది లోపల ఉన్నవాళ్ళకంటే బయట ఉన్నవాళ్ళకే బాగా కనబడుతుంది. విరామంలో ఆ రెండు మాటలు చెప్పినవాడు ఆ మ్యాచ్ ఆడినట్టే. కెప్టెన్లకు చెప్పేది ఇంకొకటి. బయట ఉన్నవాడిని ఆ రెండు మాటలు అడగండి. అడిగితేనే చెబుతాడు.

పాత్ర మారినప్పుడు

2001 మార్చిలో కోల్‌కతా టెస్టు గురించి అన్నలు చెబితే వినే ఉంటారు. ఆస్ట్రేలియా మీద మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 171 పరుగులకే అవుటై ఫాలో ఆన్ ఆడాల్సి వచ్చింది. ఆ ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 పరుగులు చేసిన మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో పంపారు. ఎప్పుడూ మూడో స్థానంలో ఆడే రాహుల్ ద్రావిడ్‌ను ఆరో స్థానానికి దించారు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 పరుగులు చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. స్థానం దిగినందుకు ద్రావిడ్ ఆట దిగలేదు. అదే ద్రావిడ్ 2003 ప్రపంచ కప్‌లో, జట్టులో ఒక బ్యాట్స్‌మన్‌కు అదనంగా చోటు దొరకాలని వికెట్ కీపింగ్ కూడా చేశాడు.

2021 జనవరి 11న సిడ్నీలో ఆంధ్ర రంజీ ఆటగాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులు చేశాడు. అవతలి వైపు అశ్విన్ 128 బంతులు ఆడి 39 చేశాడు. ఇద్దరూ అవుట్ కాలేదు, టెస్టు డ్రా అయింది, ఆ తర్వాతి టెస్టు గెలిచి భారత్ సిరీస్ సాధించింది. స్కోరు మాత్రమే చూసేవాడికి 23 చిన్న అంకె. ఆ రోజు అతని పని ఏమిటో తెలిసినవాడికి చిన్నది కాదు.

కబడ్డీలో కూడా ఇలాంటి కూత ఉంది. ఆధిక్యంలో ఉన్నప్పుడు రైడర్‌ను కాలం గడపడానికి పంపుతారు. అతను గీత దాటి, ఎవరికీ చిక్కకుండా, 30 సెకన్ల లోపల ఖాళీ చేతులతో తిరిగి రావాలి. చూసేవాళ్ళు "ఏం తెచ్చాడు?" అంటారు. పంపినవాడు మాత్రం "బాగా వచ్చావు" అనాలి.

ఒకే మనిషికి మూడు పాత్రలు

మనలాంటివాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 1964లో రాబర్ట్ కాన్, ఆయన సహచరులు ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో పాత్రల సంఘర్షణ అనే మాట వాడారు. ఒకే మనిషిని ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేర్వేరు పనులు కోరితే కలిగే నలుగుబాటు అది. మన సంగతి చూడండి. కోచ్‌కు ఉదయం ప్రాక్టీసు కావాలి. లెక్చరర్‌కు హాజరు కావాలి. ఇంట్లో పత్తి ఏరే రోజులు వస్తే రెండు చేతులు తక్కువవుతాయి. పైగా ఇంట్లో మొదట చదువుకున్నది మనమే కాబట్టి రేషన్ కార్డు కాగితం దగ్గర నుంచి బ్యాంకు ఫారం దాకా మనమే నింపాలి. "ఆటలాడితే అన్నం పెడుతుందా?" అని నాన్న అడిగితే అది కోపం కాదు, భయం.

అందుకే మనవాళ్ళు ఆట మానేస్తే బద్ధకమని తొందరపడి అనకూడదు. నాలుగు వైపులా లాగుతున్నప్పుడు మనిషి ఎక్కడ తక్కువ అవసరమో అక్కడ చేయి వదిలేస్తాడు. గ్రౌండులో "నువ్వు లేకపోతే జరగదురా" అని ఎవరూ అనకపోతే వదిలేది ఆటనే.

స్పోర్ట్స్ కోటా, సర్టిఫికెట్ల సంగతి కూడా ఒక మాట. అవి మనకు అవసరం, కాదనం. కాని అవి ఒక్కటే కారణమైతే ఆట మీద ఇష్టం తగ్గే ప్రమాదం ఉంది. రయాన్ 1980లో ప్రచురించిన పరిశోధనలో స్కాలర్‌షిప్ తీసుకున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, తీసుకోనివాళ్ళకంటే ఆటలో తక్కువ ఆనందం ఉందని చెప్పారు. కుస్తీ ఆటగాళ్ళలో, ఆడపిల్లల్లో మాత్రం అలా కనబడలేదు. ఇచ్చినది తమను కట్టేసే తాడులా అనిపిస్తే ఇష్టం తగ్గుతుంది, తమ ప్రతిభకు దక్కిన గుర్తింపులా అనిపిస్తే తగ్గదు అన్నది ఆయన వివరణ. కాబట్టి సర్టిఫికెట్ కోసం ఆడుతున్నామని కాకుండా, బాగా ఆడితే సర్టిఫికెట్ వస్తుందని అనుకోవడం మనసుకు ఆరోగ్యం.

మన గ్రౌండులో చేయదగిన పనులు

ఇవన్నీ యూనివర్సిటీల్లో, పెద్ద స్టేడియాల్లో మాత్రమే జరిగేవి కావు. రూపాయి ఖర్చు లేకుండా మన హాస్టల్లోనే మొదలుపెట్టవచ్చు.

1. ఒక నోటుబుక్కు పెట్టండి. కబడ్డీకి "కూత పాయింట్లు", "పట్టు" గడుల పక్కన "తోడు పట్టు" అనే గడి కూడా గీయండి. ఎవరు కవర్‌గా దూకి పట్టు నిలబెట్టారో అందులో రాయండి. వాలీబాల్‌లో లిఫ్టర్ ఇచ్చిన మంచి బంతులు, ఖోఖోలో సమయానికి అందిన ఖోలు కూడా రాయవచ్చు. రాసే పని ఆ రోజు బయట కూర్చున్నవారికి ఇవ్వండి. వారికీ ఒక పని, ఆటను చదవడానికి ఒక అవకాశం దొరుకుతుంది.

2. సీజన్ మొదట్లో కెప్టెన్ ప్రతి ఒక్కరితో విడిగా పది నిమిషాలు కూర్చుని పై నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తనకు తెలియకపోతే పి.ఇ.టి. సార్‌ను అడిగి చెప్పాలి.

3. పాత్ర మార్చేటప్పుడు కారణం చెప్పాలి. "అక్కడ నిలబడు" అనడానికీ, "నీ అడుగు వేగం వల్ల అక్కడ నువ్వే కావాలి" అనడానికీ ఎంతో తేడా ఉంది.

4. చిన్నవాళ్ళను ఎప్పుడూ ఒకే స్థానంలో కట్టేయకూడదు. ప్రాక్టీసులో వారానికి ఒక రోజు స్థానాలు మార్చి ఆడండి. రైడర్ కవర్‌లో నిలబడితే ఆ పని బరువు తెలుస్తుంది. కవర్‌కు కూతకు వెళ్ళే ముచ్చట తీరుతుంది.

5. పరీక్షలు, ఇంటి పనులు ఉన్నప్పుడు ఆటగాడు ముందే చెప్పాలి, కెప్టెన్ కోప్పడకుండా వినాలి. నాలుగు రోజులు రానివాడికి ఐదో రోజు రావడానికి దారి తెరిచి ఉంచాలి.

6. అన్నలు, అక్కలు మ్యాచ్ చూడటానికి వచ్చినప్పుడు పాయింట్లు తెచ్చినవారితోపాటు కవర్‌ను, లిఫ్టర్‌ను, బెంచి మీద ఉన్నవారిని కూడా పేరు పెట్టి పిలిచి మాట్లాడండి. మీకు అది ఒక్క నిమిషం. వాళ్ళు దాన్ని ఏడాది పాటు గుర్తుంచుకుంటారు.

కాలేజీ జట్లలో ఇప్పుడు ఆడుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చివరగా ఒక మాట. ఈ నాలుగు ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పకపోతే మీరే వెళ్ళి కోచ్ గారిని అడగండి. "సార్, నన్ను ఎందుకు ఆడించడం లేదు?" అని కాదు. "సార్, ఈ స్థానంలో నేను ఇంకా ఏం నేర్చుకోవాలి?" అని అడగండి. మొదటి ప్రశ్నకు చాలామంది విసుక్కుంటారు. రెండో ప్రశ్నకు విసుక్కునేవాళ్ళు తక్కువ. అడగడానికి మొహమాటం వేస్తే మాకు చెప్పండి, ఆదివారం సాయంత్రాలు మేము గ్రౌండు దగ్గరే ఉంటాం, తోడు వస్తాం.

వచ్చే వార్షికోత్సవ సంచికలో మన జట్ల ఫోటోల కింద ఆటగాళ్ళ పేర్ల పక్కన వారి స్థానాలు కూడా అచ్చువేయాలని సంపాదక వర్గాన్ని కోరుతున్నాం. కవర్ అయినా, లిఫ్టర్ అయినా, బెంచి మీద ఉన్న పన్నెండోవాడైనా సరే.